నా మోకాలికి ఏ నొప్పీ లేదు

ఇంటి నుంచి, భోజనాల బల్ల దగ్గర
మార్చి మొదటి వారం

వదినగారికి,

మీ మరదలు రాస్తున్నది. అందరం క్షేమమని మొదలుపెడదామంటే ఆ మాట సగమే నిజం. నేను క్షేమం. మీ తమ్ముడి సంగతి వరసగా రాస్తాను. మధ్యలో నాకు కోపం వస్తే వరస తప్పుతుంది, సర్దుకుని చదువుకోండి.

పోయిన వారం ఛాతీ ఆస్పత్రికి వెళ్ళాం. నూలు మిల్లులో అన్నేళ్ళు పీల్చిన దూది నుసి ఊపిరితిత్తుల్ని ఎంత పాడుచేయాలో అంతా చేసిందనీ, అది బాగయ్యేది కాదనీ పెద్ద డాక్టరు చెప్పాడు. పీల్చే మందు తన పని తాను చేస్తోంది. ఇక మిగిలింది కాళ్ళు. ఆయాసానికి భయపడి కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నీరసిస్తాయట. నీరసించిన కాళ్ళు నాలుగడుగులకే ఎక్కువ గాలి అడుగుతాయట. దాంతో ఇంకా ఆయాసం, ఇంకా కుర్చీ. కాబట్టి రోజూ నడవాలి. లేకపోతే వచ్చే చలికాలానికి మంచమూ, మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరూ. "బెదిరించడం లేదమ్మా, జరిగేది చెబుతున్నాను" అన్నాడాయన.

నడక నేర్పడానికి ఒక ఫిజియో అమ్మాయి ఉంది. బాగా చెప్పింది. నడుస్తుంటే కొంచెం ఆయాసం రావాలట, దానికి భయపడక్కర్లేదట. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ కొలత. ఇక నావల్ల కాదు అనిపించక ముందే ఆగాలి. గోడకు చేతులు ఆనించి, ముక్కుతో గాలి పీల్చి, కొవ్వొత్తి మంట ఆరకుండా ఊగేటట్టు పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలాలి. కుదుటపడ్డాక మళ్ళీ నడవాలి. ఇందులో కష్టం ఏముందో మీరే చెప్పండి.

మీ తమ్ముడికి ఆగడమే రాదు. గుమ్మం దాటడం ఆలస్యం, పొద్దుటి షిఫ్టు సైరను మోగినట్టు పరుగే. "కాసేపు ఆగండి" అంటాను. "నేనేమన్నా తోపుడు బండినా, ఎక్కడపడితే అక్కడ ఆగడానికి?" అంటారు. మందుల దుకాణం వచ్చేసరికి ఊపిరి అందక మెట్ల మీద కూలబడతారు. జనం మూగుతారు. బండి ఎక్కించి ఇంటికి తెస్తాను. ఆ తర్వాత కొన్నాళ్ళు కుర్చీ దిగరు. "నడక నాకు పడదని రుజువైందిగా" అంటారు. రుజువట!

మాట్లాడుతూ నడవాలని ఆ అమ్మాయి అంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఈయన నాతో ఆడిన మాటలన్నీ నా ఖర్చుల పుస్తకంలో పద్దులుగా రాసినా ఒక పేజీ నిండదు.

లోకంలో ఆయన వినేది మీ మాట ఒక్కటే. మీరు మా గడప తొక్కి రెండేళ్ళు దాటింది. అక్కగారు కదా, ఒక్కసారి వచ్చి నాలుగు చీవాట్లు పెట్టి వెళ్ళండి. నా చీవాట్లు ఆయనకు అలవాటైపోయాయి.

మీ మరదలు


కుట్టు దుకాణం, రెండో అంతస్తు
మార్చి చివర

మరదలికి,

నువ్వు పొడుగ్గా రాస్తావు, నేను రాయలేను. ఇదే రెండు విడతల్లో రాస్తున్నాను.

వాడు ఆగడు. నాకు తెలుసు, పక్క యంత్రం దగ్గర నేనూ ఉన్నదాన్నే కదా. మిల్లులో మనిషి ఆగాడంటే మేస్త్రీ వచ్చి ముఖంలో ముఖం పెట్టి చూసేవాడు. దగ్గొస్తే నడుస్తూనే దగ్గేవాళ్ళం. నిలబడి దగ్గినవాణ్ణి మర్నాడు గేటు దగ్గరే ఆపేసేవారు, రోగిష్టివాడని. కిందపడితే ప్రమాదం అనేవారు. నిలబడితే చేతకానివాడు అనేవారు. అందుకే వాడికి నలుగురిలో నిలబడి ఊపిరి తీసుకోవడం కంటే కూలబడటమే గౌరవం.

వాణ్ణి ఆగమని అడగకు. తన కోసం వాడు ఆగడు. ఇంకొకరి కోసమైతే ఆగుతాడు. ఒకసారి దారిలో నా చెప్పు తెగింది. షిఫ్టు పోతుంది, నువ్వు పోరా అని నేను అరుస్తూనే ఉన్నాను. వాడు అంగుళం కదల్లేదు. మిగతాది నువ్వు ఆలోచించుకో. తెలివైనదానివి.

రావడం కుదరదు. బడిపిల్లల యూనిఫారాలు గుట్టలుగా ఉన్నాయి. కిందికీ పైకీ తిరిగే తీరిక లేక కిటికీకి తాడు కట్టి బుట్ట దించుతున్నాను. బట్టలు అందులోనే వస్తాయి, అందులోనే పోతాయి. నా తెలివిని వీధంతా మెచ్చుకుంటోంది.

వదిన


ఇంటి నుంచి
ఏప్రిల్

వదినగారికి,

మీ సలహా పనిచేసింది. అందుకే ఇంత కోపంగా రాస్తున్నాను.

సోమవారం ఇద్దరం బయల్దేరాం. వీధి మలుపు ఇంకా రాలేదు, "అబ్బా, మోకాలు!" అని గోడ పట్టుకున్నాను. వదినగారూ, నా మోకాలికి ఏ నొప్పీ లేదు. మీ తమ్ముడు టక్కున ఆగారు. వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డారు. నేను గోడకు చేతులు ఆనించాను, చూసి ఆయనా ఆనించారు. నేను కొవ్వొత్తి ఊదినట్టు ఊదాను.

"మోకాలు నొప్పికి ఊదడమేంటి?" అన్నారు.

"ఊదితే తగ్గుతుందని ఆ అమ్మాయి చెప్పింది" అన్నాను.

"అయితే అలా కాదు, మెల్లగా ఊదాలి" అని తనే ఊది చూపించారు. ఆయన ఊపిరి కుదుటపడేదాకా నా మోకాలు నొప్పి పెడుతూనే ఉంది. తర్వాత తగ్గింది.

అలా ఆగుతూ ఆగుతూ మందుల దుకాణం దాటాం. మెట్ల వైపు కూడా చూడలేదు. ఇప్పుడు రొట్టెల దుకాణం దాకా వెళ్ళి వస్తున్నాం. బాగుంది కదా అంటారేమో, ఆగండి.

వీధిలో నేను కుంటిదాన్నైపోయాను. కళ్ళజోళ్ళ దుకాణం ఆవిడ నన్ను చూడగానే స్టూలు వేస్తుంది. మందుల దుకాణం ఆయన పిలిచి మరీ నూనె సీసా చేతిలో పెట్టాడు. ఎదురింటి టీచరుగారైతే నన్ను ఎగాదిగా చూసి, "కాస్త బరువు తగ్గారంటే మోకాళ్ళు వాటంతటవే సర్దుకుంటాయమ్మా" అని చెప్పి వెళ్ళింది. నేను! పెళ్ళినాటి జాకెట్టు ఇప్పటికీ పట్టే మనిషిని!

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. నిన్న రొట్టెల దుకాణం దగ్గర మీ తమ్ముడు నలుగురికీ వినబడేలా ఏమన్నారో తెలుసా? "ఏం చేస్తామండీ, నేను తోడు లేకపోతే ఆవిడకి అడుగు పడదు. రోజూ తిప్పుతున్నాను." రొట్టెలాయన "మీలాంటి భర్త దొరకాలండీ" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మింగలేక, కక్కలేక.

పైగా ఇప్పుడు మాట్లాడుతున్నారు. అన్నీ మోకాలి మాటలే. "ఇవాళ ఎలా ఉంది? నిన్నటి కంటే నయమేనా? మంట పుడుతోందా, గుంజుతోందా?" కిందటేడు నిజంగా జ్వరం వచ్చి మంచం పడితే తలుపు దగ్గర నిలబడి "ఏమన్నా కావాలా" అని ఒక్క మాట అడిగారు. లేని నొప్పికి ఇంత ఆదరణ! నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

మీరెప్పుడు వస్తారు?

మీ మరదలు


కుట్టు దుకాణం, రెండో అంతస్తు
మే మొదట్లో

మరదలికి,

నీ ఉత్తరం చదువుతుంటే నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొస్తుంది, అందుకని కాసేపు పక్కన పెట్టాను.

కొన్ని సంగతులు నువ్వు సరిగ్గా రాయలేదు. వివరంగా రాయి. గోడకు చేతులు ఆనించినప్పుడు భుజాలు ఎత్తాలా, దించాలా? గాలి పీల్చడం కంటే వదలడం ఎంత నెమ్మదిగా? మందు పీల్చేది నడకకు ముందా, వచ్చాకా? పొగో దుమ్మో ఉన్న రోజు ఏం చేయాలి? ఆగాక మళ్ళీ ఎప్పుడు కదలాలో ఎలా తెలుస్తుంది? మెట్లెక్కేటప్పుడు ఊపిరి వదిలేది కాలు పైకి వేస్తూనా, వేశాకా?

ఇంకొకటి. వాడికి నీ మోకాలుంది. ఒంటరిగా నడిచేవాళ్ళు ఏ వంక పెట్టుకుని ఆగాలట? ఊరికే అడుగుతున్నాను.

రావడానికి వీలు పడదు. యూనిఫారాలు ఇంకా తెమల్లేదు.

వదిన


ఇంటి నుంచి
మే చివర

వదినగారికి,

మీరు పెద్దవారు, నేను ఎదురు చెప్పకూడదు. ఈ ఒక్క ఉత్తరానికి ఆ నియమం పక్కన పెడుతున్నాను.

పరీక్ష పేపరు పంపినట్టు ప్రశ్నలు పంపారు. రోజూ గోడలు పట్టుకుని నిలబడేది నేను, వీధిలో కుంటిదాన్ననిపించుకునేది నేను. భుజాలు ఎత్తారా దించారా అని దూరం నుంచి తనిఖీ చేసేది మీరు! అంత అనుమానంగా ఉంటే వచ్చి కళ్ళారా చూసుకోండి. యూనిఫారాలంటారు. బడి తెరిచే ముందు కుట్టించుకోవాలి గాని, మార్చిలో ఎవరండీ యూనిఫారాలు గుట్టలుగా కుట్టించుకునేది? నేను ఇల్లు నడిపే మనిషిని. ఏ బట్ట ఏ కాలంలో కొంటారో నాకు తెలియదా?

ఆయన పైకి అనరు గానీ, ఉత్తరాల డబ్బా చప్పుడైతే ముందు ఆయన కుర్చీయే కదులుతుంది. "అక్క వస్తానందా?" అని అడగరు. "అక్క బాగుందా?" అని అడుగుతారు. రెండూ ఒకటే అని నాకు తెలుసు. పరాయి ఊరివాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారు. తోడబుట్టిన మీకు మాత్రం తీరలేదు. ఇది రాసినందుకు రేపు బాధపడతాను, కానీ కొట్టెయ్యను.

అడిగారు కాబట్టి జవాబులు. భుజాలు దించాలి, వదిలెయ్యాలి. పీల్చిన దానికి రెట్టింపు నెమ్మదిగా వదలాలి. మందు సంగతి మనిషిని బట్టి డాక్టరు చెప్పాలి, ఈయనకు నడకకు కాసేపు ముందు పీల్చమన్నారు. పొగ, దుమ్ము, చలిగాలి ఉన్న రోజు ఇంట్లోనే గదుల మధ్య నడవాలి. ఒక వాక్యం మధ్యలో ఆగకుండా చెప్పగలిగితే మళ్ళీ బయల్దేరొచ్చు. గుండెలో నొప్పి గానీ తల తిరగడం గానీ ఉంటే నడక మానేసి వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి, ఇది మీరు అడగలేదు, నేనే రాస్తున్నాను. మెట్ల సంగతి నాకు తెలియదు. వచ్చే వారం ఆస్పత్రిలో మళ్ళీ నడిపించి చూస్తారు, అప్పుడు ఆ అమ్మాయిని అడిగి రాస్తాను.

ఒంటరిగా నడిచేవాళ్ళ వంక నాకు తెలియదు. నాకున్నది ఒక్క రోగి, ఆయనే నాకు చాలు.

మీ మరదలు


ఆస్పత్రి వరండా, బెంచీ మీద నుంచి
జూన్

వదినగారికి,

లోపల మీ తమ్ముణ్ణి నడిపిస్తున్నారు. అది అయ్యేలోగా రాస్తున్నాను. గీతలు వంకరగా ఉంటే బెంచీది తప్పు.

పొద్దున్న రాగానే ఆ అమ్మాయిని మీ ప్రశ్న అడిగాను. "కాలు పైకి వేస్తూ ఊపిరి వదలాలి ఆంటీ. మీ ఇంట్లో మెట్లున్నాయా? ముందు చెప్పలేదే!" అంది.

"లేవు" అన్నాను.

మా ఇంటికి మెట్లు లేవు. ఉన్నది ఒక్క గడప. ఆ సంగతి మీకు తెలుసు. ఇల్లు కట్టేటప్పుడు దగ్గరుండి, మెట్లు వద్దు, ముసలితనానికి పనికిరావు అని కొలతలు వేయించింది మీరే.

వచ్చి ఈ బెంచీ మీద కూలబడ్డాను. మీ ఉత్తరాలు నా సంచీలోనే ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని చదివాను. ఏ ప్రశ్నా మీ తమ్ముడి గురించి కాదు. నవ్వితే దగ్గొస్తుందని రాశారు. నేను దాన్ని మాటవరస అనుకున్నాను. రెండు విడతల్లో రాశానన్నారు. పని ఒత్తిడి అనుకున్నాను. కిటికీకి కట్టిన బుట్ట తెలివి కోసం కాదు.

పప్పులో రాయి పడితే పంటికింద తగలకముందే కనిపెట్టే మనిషిని నేను. ఇది ఎలా కనబడలేదు? మీ మీద కోపం కళ్ళకు అడ్డం పడింది. ఆ కోపం ఇంకా పోలేదు, ఇంకో రకం కోపమైంది.

ఏమిటండీ మీ ఇంటివాళ్ళు? ఒకాయన ఆగకుండా నడిచి మెట్ల మీద పడతాడు. ఒకావిడ మెట్లు దిగలేక కిటికీలో కూర్చుని యూనిఫారాలంటుంది. ఊపిరి అందడం లేదు అని మూడు మాటలు చెప్పడానికి మీకేం అడ్డం? ఆ మేస్త్రీ ఎప్పుడో పోయి ఉంటాడు. ఇంకా ఎవరు చూస్తారని?

డాక్టరుకు చూపించుకున్నారా? కిందికి దిగి ఎన్నాళ్ళైంది? నిజం రాయండి. ఇద్దరి బాధ కలిపి పడటానికి నాకు ఓపిక ఉంది. అబద్ధాలు చదవడానికి లేదు.

ఆయన బయటికి వస్తున్నారు. ముఖం వెలిగిపోతోంది. మొదటిసారి కంటే చాలా దూరం నడిచారట.

మీ మరదలు


కుట్టు దుకాణం, రెండో అంతస్తు
జూన్ చివర

మరదలికి,

నిజమే. నాకూ అదే జబ్బు. మిల్లు మానేసి ఇన్నేళ్ళయింది కదా, తప్పించుకున్నాను అనుకున్నాను. డాక్టరు చూశాడు, మందు పీలుస్తున్నాను. నడవమన్నాడు. ఎలా నడవాలో చెప్పలేదు, నేనూ అడగలేదు. చలికాలం నుంచి కిందికి దిగలేదు.

నీ మొదటి ఉత్తరం వచ్చాక ఒక రోజు ప్రయత్నించాను. మొదటి మలుపుకే ఊపిరి ఆడలేదు. గోడ పట్టుకుని నిలబడ్డాను. కింది వాటాలో ఉండే బ్యాంకు ఆయన పైకి వస్తూ "ఏమైందండీ?" అన్నాడు. "గుండీ పడిపోయింది" అన్నాను. పాపం, మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి వెతికాడు. లేని గుండీ ఎక్కడ దొరుకుతుంది? ఆయన వెతికినంతసేపూ నేను ఊపిరి తీసుకున్నాను. రెండో రోజూ అదే చెప్పాను. ఇప్పుడు ఈ వాటాలవాళ్ళందరూ ఎక్కడ గుండీ కనబడినా తెచ్చి నా బుట్టలో వేస్తున్నారు. ఒక డబ్బా నిండింది. ఏం చెప్పను? ఇక దిగడం మానేశాను.

నువ్వు తనిఖీ అన్నావు. కాదమ్మాయ్. నీ ఉత్తరం చేతిలో పట్టుకుని కుట్టు మిషనుకీ మంచానికీ మధ్య నడుస్తున్నాను. భుజాలు దించమన్నావు, దించాను. తేడా ఉంది.

వాడికి చెప్పకు. చెబితే వాడు నడక మానేసి నా గురించి కుమిలిపోతాడు. వాడి దృష్టిలో అక్క అంటే ఇనుపకడ్డీ. అలాగే ఉండనీ.

వదిన


ఇంటి నుంచి
జూలై

వదినగారికి,

చెప్పేశాను. తిట్టుకోండి.

నడుస్తుండగా చెప్పాను, కుర్చీలో కూర్చోబెట్టి చెబితే అందులోనే ఉండిపోతారని. మందుల దుకాణం దాటాం. నా మోకాలు నొప్పి పెట్టాల్సిన చోటొచ్చింది, నేను అదీ మరిచిపోయాను. రొట్టెల దుకాణం ముందు, పొద్దుటి రద్దీలో, అందరూ చూస్తుండగా ఆయనే ఆగారు. గోడకు రెండు చేతులూ ఆనించి తల వంచారు.

రొట్టెలాయన బయటికి వచ్చి, "అమ్మగారి మోకాలా?" అన్నాడు.

"కాదు, నాకే" అన్నారు మీ తమ్ముడు. "ఊపిరి అందడం లేదు. కాసేపు ఆగితే సర్దుకుంటుంది."

అంతే. ఆకాశం విరిగి మీద పడలేదు. రొట్టెలాయన "సరే సరే, నిదానంగా" అని లోపలికి వెళ్ళి తన పని చూసుకున్నాడు. ఈ మాటకోసం నన్ను మూడు నెలలు కుంటించారు.

ఒక వాక్యం చెప్పగలిగే ఊపిరి వచ్చాక అన్నారు: "అక్కకి ఆగడం ఎవరు చూపిస్తారు? నాకు రాకపోతే ఎలా చూపించను?" ఇంకొంచెం నడిచాక, "నీ మోకాలికి ఇక సెలవిచ్చెయ్యి" అన్నారు. ఎప్పట్నుంచి తెలుసు అని నిలదీశాను. ఇంటికి వచ్చి పీటలన్నీ దబదబా సర్దాను, అయినా చెప్పలేదు.

ఆదివారం మీ దగ్గరికి వస్తున్నాం. మీ రెండంతస్తులు ఎక్కుతానంటున్నారు. ఆ అమ్మాయిని అడిగాను, ప్రతి మలుపులోనూ ఆగుతూ ఎక్కొచ్చంది. మీరు కంగారుపడి దిగకండి. కొన్నాళ్ళు ఉంటాం. అడగడం లేదు, చెబుతున్నాను, వస్తున్నాం. మందులాయన ఇచ్చిన నూనె సీసా కూడా తెస్తున్నాను. మూత కూడా తియ్యలేదు, వీధిలో అందరూ అడుగుతున్నారు, ఎవరి మోకాలికైనా ఖర్చుపెట్టాలి.

మీ మరదలు


రెండో అంతస్తు కిటికీ, బుట్టలో
ఆదివారం

మరదలికి,

కేక వేస్తే దగ్గొస్తుందని కాగితం దించుతున్నాను. నువ్వు తలెత్తి చేతులు ఊపి "దిగొద్దు, దిగొద్దు" అంటున్నావు, కనబడుతోంది. ఊపడం ఆపు, సంచీ జారిపోతోంది.

వాడు గేటు పక్క గోడకు చేతులు ఆనించి నిలబడ్డాడు. జుట్టు ఎంత నెరిసిందే! వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారు. వాడు పట్టించుకోవడం లేదు. భుజాలు దించే ఉన్నాయి. బాగా నేర్పావు.

వాణ్ణి తొందరపెట్టకు. ఒక అంతస్తు మీరు ఎక్కండి, ఒక అంతస్తు నేను దిగుతాను. మధ్య మలుపులో కలుద్దాం. అక్కడ ముగ్గురం నిలబడి ఊపిరి తీసుకుందాం.

దారిలో బ్యాంకు ఆయన ఎదురైతే టార్చి తీస్తాడు. గుండీ ఏదీ పడిపోలేదని చెప్పు.

వదిన